చేతికి ఆపరేషన్, ఏడుపు తుంటిది

కాలవ గట్టు మీద బండి జారి నా కుడి ముంజేయి విరిగింది. ప్లేటు వేసి ఎనిమిది నెలలైనా అతకలేదు. రెండోసారి కోసి, కుడి తుంటి నుంచి ఎముక తీసి చేతిలో విరిగిన చోట పెట్టారు. "పక్కన చిన్న గాటేనండి" అన్నారు ఆసుపత్రిలో. ఇంటికొచ్చాక చేతికన్నా ఆ చిన్న గాటే ఎక్కువ ఏడిపించింది. ఈ ఆపరేషన్‌కి వెళ్తున్నారా? అయితే మీకు గాయాలు రెండని ముందే లెక్కేసుకోండి.

ఏ పక్క తీస్తారు, ముందు నుంచా వెనక నుంచా అని అడగండి. షుగరున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా చెప్పేయండి. చుట్ట మానండి. నేను కాలుస్తున్నానని దాచాను. ఎముక అతక్కపోవడానికి అదీ ఒక కారణమన్నారు తర్వాత.

ఆపరేషన్ రోజు మొలతాడు తీయిస్తారు. మళ్లీ కట్టుకోవడానికి తొందరపడకండి. ఎముక తీసేది సరిగ్గా మొలతాడు, బెల్టు ఆనే అంచులోనే. మా ఆవిడ శుక్రవారం కొత్తది కట్టింది, ఆదివారానికి కుట్ల దగ్గర ఒరుసుకుని ఎర్రగా కందిపోయింది. లుంగీ ముడి కూడా రెండో పక్కకి దోపుకోవాలి.

పడుకున్నవాళ్లు తిన్నగా లేవొద్దు. పొట్ట కండరాలు ఆ ఎముక అంచునే పట్టుకుని ఉంటాయి, దగ్గినా నవ్వినా లాగేస్తుంది. మంచి పక్కకి ఒత్తిగిలి, మోచేయి ఆనించి లేవండి. దగ్గొస్తే దిండు అదిమిపెట్టుకోండి. నొప్పి మాత్ర నొప్పి ముదిరాక కాదు, చెప్పిన టైముకి వేసుకోవాలి.

కర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. నాకు ఎడమ చెయ్యి బాగానే ఉంది కాబట్టి సరిపోయింది. కానీ చెకప్‌కి కాకినాడ వెళ్తూ కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగితే, కర్ర ఇసకలో జానెడు దిగబడిపోయింది. రెండోసారి నుంచి చుట్టుదారైనా యానాం వంతెన మీదుగా కారులోనే వెళ్లాం.

కాస్త వాపు, కమలడం మామూలే. వాపు రోజురోజుకీ పెరిగినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా అదే రోజు డాక్టరుకి చూపించండి. పసుపు, పసరు రాయొద్దు. లేస్తుంటే తుంటి ముందు కొసన టక్కుమని భరించలేని నొప్పి వస్తే ఎముక చిట్లి ఉండొచ్చు, ఆ కాలు మీద బరువు వెయ్యకండి. నెలల తర్వాతైనా దగ్గినప్పుడు అక్కడ ఉబ్బెత్తుగా వస్తుంటే హెర్నియా కావచ్చు.

తొడ బయటి వైపు మొద్దుబారితే పక్షవాతమని టెన్షన్ పడకండి, నేను పడ్డాను. ఆ దగ్గర్లో వెళ్లే చర్మపు నరం నలిగితే అలా అవుతుంది. కాలి బలం తగ్గదు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. వేడినీళ్ల కాపడం మాత్రం అక్కడ పెట్టకండి, కాలినా తెలీదు. నాకింకా అరచేయంత మేర అలాగే ఉంది. ప్యాంటు జేబులో ఫోను వణికినా తెలియక, చొక్కా జేబులోకి మార్చేశాను.