సి డ్రైవ్ ఎర్రబడితే ఫొటోల మీద పడకండి, ముందు నక్ష తీయండి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది చిన్న ఫొటో స్టూడియో. మాఘమాసం పెళ్లిళ్ల టైంలో ఒక రాత్రి, మిర్యాలగూడ పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి చాయ్ తాగి వచ్చేసరికి, డిస్క్ ఫుల్ అని సగంలోనే ఆగిపోయి ఉంది. మా దగ్గర పనిచేసే తమ్ముడు "అన్నా, సి డ్రైవ్ ఎర్రగైంది, అందుకే పాత ఫొటోలు కొన్ని నేనే తీసేసిన" అన్నాడు. ఏ పెళ్లివిరా అంటే దేవరకొండవట. వాళ్ల ఆల్బమ్ ఇంకా ప్రింటుకే పోలేదు! రీసైకిల్ బిన్‌లో కనిపించాయి కాబట్టి బతికిపోయాం. బిన్‌లో ఉన్నాయంటే ఆ 9 జీబీ డ్రైవ్‌లోనే ఉన్నట్టు, వాడు ఖాళీ చేసింది సున్నా అన్నమాట.

అందుకే చెప్తున్నా, ఏదీ డిలీట్ చేయకముందే డిస్క్ అనలైజర్, అంటే ఏ ఫైలు ఎంత జాగా తింటుందో చూపించే సాఫ్ట్‌వేర్, ఒకటి వేసుకోండి. వాటిలో విజ్‌ట్రీ చాలా ఫాస్ట్, ఎందుకంటే అది ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటీ తిరగదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే పద్ధతి) డ్రైవ్‌లో ఫైళ్ల పట్టిక ఉంటుంది కదా, నేరుగా దాన్నే చదువుతుంది. కాకపోతే అది ఇంట్లో వాడుకోవడానికే ఫ్రీ, మాలాంటి షాపువాళ్లు లైసెన్స్ తీసుకోవాలి. విండిర్‌స్టాట్ ఓపెన్ సోర్స్, ఎక్కడైనా వాడుకోవచ్చు. ఏది వాడినా రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తోనే తెరవండి. స్కాన్ అయ్యాక కింద రంగురంగుల డబ్బాలు కనిపిస్తాయి, ఊరి నక్షలో సర్వే నంబర్లలాగా. ఎంత పెద్ద డబ్బా అయితే అంత పెద్ద ఫైలు. దాని మీద క్లిక్ చేస్తే ఏ ఫోల్డర్‌లో ఉందో పైన చూపిస్తుంది.

సమస్య: కొత్తగా ఏమీ వేయలేదు, వీడియోలన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి, అయినా సి నిండుతోంది

మా కేసు ఇదే. నక్షలో యూజర్స్ కింద యాప్‌డేటా, అందులో రోమింగ్, అడోబీ, కామన్ అని లోపలికి పోతే మీడియా క్యాష్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఒక్కటే 71 జీబీ! యాప్‌డేటా మామూలుగా దాచి ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో ఎంత వెతికినా కంటపడదు. మేం ఎడిటింగ్‌కు వాడే ప్రీమియర్ ప్రోలో క్లిప్ వేసిన ప్రతిసారీ, టైమ్‌లైన్ ఆగకుండా నడవడానికి ఆడియో తాలూకు పని ఫైళ్లు అక్కడ తయారవుతాయి, వీటినే క్యాష్ అంటారు. వీడియో డి లో ఉన్నా ఇవి మాత్రం సి లోనే పడతాయి, డీఫాల్ట్ అదే. పెళ్లి డెలివరీ అయిపోయి ఏడాదైనా అవి అక్కడే ఉండొచ్చు.

పరిష్కారం: చేత్తో డిలీట్ కొట్టే పని లేదు. ప్రీమియర్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, మీడియా క్యాష్‌లోకి వెళ్లి డిలీట్ నొక్కండి, ఒరిజినల్ వీడియోలకు ఏమీ కాదు. పాత ప్రాజెక్ట్ మళ్లీ తెరిస్తే క్యాష్ తిరిగి తయారవుతుంది, మొదటిసారి కొంచెం లేటవుతుంది, అంతే. అక్కడే బ్రౌజ్ నొక్కి క్యాష్ జాగాను వేరే డ్రైవ్‌కు మార్చేయండి, లేకపోతే వచ్చే సీజన్‌కు మళ్లీ ఇదే కథ. ఆటో సేవ్ అనే ఫోల్డర్ కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి, కరెంటు పోయిన రోజు మిమ్మల్ని కాపాడేది అదే.

సమస్య: హైబర్‌ఫిల్ డాట్ సిస్ అని ఒకే పెద్ద డబ్బా

హైబర్నేట్ చేసినప్పుడు, అంటే తెరిచిన పనులు అలాగే ఉంచి సిస్టం ఆపేసినప్పుడు, ర్యామ్‌లో ఉన్నదంతా దాచిపెట్టుకునే ఫైలు ఇది. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజు, 16 జీబీ ఉన్న మా సిస్టంలో 6 జీబీ పైనే. డెస్క్‌టాప్‌లో నాకైతే దీని అవసరం కనపడలేదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఫైలు దానంతట అదే పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఆన్ అవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పట్టొచ్చు. ల్యాప్‌టాప్ వాళ్లు మాత్రం ఆలోచించుకోండి, బ్యాటరీ అయిపోయే టైంలో హైబర్నేట్ పనికొస్తుంది. హైబర్‌ఫిల్ పక్కనే ఉండే పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది) జోలికి పోవద్దు.

సమస్య: విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ భయపెట్టేంత ఉంది

విండోస్ తన సొంత భాగాలు దాచుకునే ఫోల్డర్ ఇది, కనిపించినంత ఉండదు. అందులో చాలావరకు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైలు రెండు పేర్లతో రెండు చోట్ల లెక్కకొస్తుంది. చేత్తో తీస్తే విండోస్ లేవకపోవచ్చు, మళ్లీ ఫార్మాట్ కొట్టించుకోవాల్సి రావొచ్చు. డిస్క్ క్లీనప్ తెరిచి క్లీనప్ సిస్టం ఫైల్స్ నొక్కండి, పాత అప్‌డేట్ల చెత్త అక్కడ పోతుంది. విండోస్ డాట్ ఓల్డ్ (అప్‌గ్రేడ్‌కు ముందున్న పాత విండోస్) ఉంటే అదీ అక్కడే టిక్ పెట్టండి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజులకు మామూలుగా అదే పోతుంది కూడా.

సమస్య: అనలైజర్ లెక్క, డ్రైవ్ లెక్క కలవడం లేదు

ముందు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచారా చూడండి. తెరిచినా 20, 30 జీబీ తేడా వస్తే రిస్టోర్ పాయింట్ల (సిస్టం చెడితే వెనక్కి తిప్పుకోవడానికి విండోస్ దాచుకునేవి) మీద అనుమానపడాలి, అవి సిస్టం వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే తాళం వేసిన ఫోల్డర్‌లో ఉంటాయి. సిస్టం ప్రొటెక్షన్‌లో కాన్ఫిగర్ నొక్కి మాక్స్ యూసేజ్ గీతను వెనక్కి జరపండి, పూర్తిగా ఆఫ్ మాత్రం చేయకండి.

సమస్య: కొన్నది 256 జీబీ, చూపించేది 238

ఇది అసలు సమస్యే కాదు. కంపెనీ వాళ్లు 1000 చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున. షాపువాడితో గొడవ పెట్టుకోకండి.