కడుపు తిప్పక ముందే పడవ తిప్పండి

ఫిబ్రవరిలో విశాఖ సముద్రం చూసి తెరచాప పడవ నేర్చుకున్నవాళ్లు మార్చి చివరికొచ్చేసరికి మోసపోతారు. ఎండలు ముదిరేకొద్దీ తీరం వెంబడి నైరుతి గాలి బలపడుతుంది. మధ్యాహ్నానికి దానికి సముద్రపు గాలి తోడవుతుంది. ఆ నెలల్లో తీరపు ప్రవాహం కూడా ఈశాన్యానికే సాగుతుంది. రేవు నుంచి రుషికొండ, భీమిలి వైపు వెళ్తుంటే గాలీ నీరూ రెండూ వెనక నుంచి తోస్తాయి. ఆ హాయికి బాకీ తిరుగు ప్రయాణంలో తీర్చాలి.

ఎంత బాకీయో లెక్క చూడండి. గాలి 15 నాట్లు, పడవ 5 నాట్లు (ఒక నాటు అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం). గాలివాటున వెళ్తున్నప్పుడు వీపుకు తగిలేది 10 నాట్లే. వెనక్కి తిరిగి గాలికి ఎదురుగా వాలుగా పట్టగానే అది దాదాపు 19 అవుతుంది, చాప మీద ఒత్తిడి మూడున్నర రెట్లవుతుంది. పైగా గాలికి నేరుగా ఎదురెళ్లలేం కనుక అటొక వాలు, ఇటొక వాలు వేస్తూ ఒకటిన్నర రెట్ల దూరం తిరగాలి. గంటన్నరలో వెళ్లిన దూరానికి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే నేను ఉన్న సమయాన్ని మూడు భాగాలు చేసి ఒక భాగం వెళ్లడానికి, రెండు భాగాలు రావడానికి ఉంచుకుంటాను.

ఈ లెక్క నాకు మొదటి నుంచీ తెలియదు. ఒక ఏప్రిల్ ఉదయం మా బావమరిది నాతో వచ్చాడు. తొమ్మిదింటికే “బావా, కడుపులో ఏదోలా ఉంది, వెళ్లిపోదామా?” అన్నాడు. “ఇంకో అరగంటే” అన్నాను. పడవ తిప్పిన పావుగంటకల్లా అతను అడుగున ముడుచుకుపోయాడు. ఇద్దరం చేయాల్సిన పని నాలుగు గంటలు ఒక్కడినే చేశాను. ఆ రోజు నేను వికారాన్ని అతని సొంత ఇబ్బందిగా చూశాను. నిజానికి అప్పటికే పడవలో ఒక మనిషి తగ్గిపోయాడు.

పడవ ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది, కళ్లెదుట ఉన్న పలక మాత్రం కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ తగువులో నలిగేది కడుపు. వాంతికి ముందే ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, చల్లని చెమట వస్తాయి. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు, గలగలా మాట్లాడే మనిషి ఒక్కసారిగా మౌనం వహించడం. అప్పుడే అతనికి చుక్కాని అప్పగించండి. దిగంతం మీద చూపు నిలిపి పడవ నడిపేవాడికి వికారం తక్కువ. గదిలోకి, ఇంజను వాసన వైపు, ఫోను తెర వైపు వెళ్లనివ్వకండి.

మాత్ర వేసుకోదలిస్తే బయలుదేరడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగినది కడుపులో నిలవదు. వికారానికి వాడే సినారిజిన్, ప్రోమెథజిన్ రెండూ మత్తునిస్తాయి కనుక సెలవు రోజున ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి. గర్భిణులు, పిల్లలు, గ్లాకోమా, ప్రోస్టేటు ఇబ్బందులు ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ముట్టవద్దు. ఖాళీ కడుపుతో రావద్దు, పూరీలు తినీ రావద్దు. రెండు ఇడ్లీలు చాలు. శొంఠి కొందరికి పనిచేస్తుంది.

వాంతి బకెట్‌లోనే చేయించండి. సిగ్గుపడి అంచు మీదికి వంగినవాడే నీళ్లలో పడతాడు. నడుముకు తాడు, ఒంటికి లైఫ్ జాకెట్ తప్పనిసరి.

మన ఎండల్లో ఇంకో చిక్కు ఉంది. తలనొప్పి, వాంతులు, ఒళ్లు కాలిపోవడం, మాట తడబడటం ఉంటే అది వడదెబ్బ కావచ్చు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకున్నవారు తిన్నది కక్కేస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఈ రెండింటిలో ఏది అనుమానించినా చర్చ అనవసరం, వెనక్కే.

మిగతా సందర్భాల్లో చర్చ వస్తుంది. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మాట వినిపిస్తుంది. దాని నోరు మూయించడానికి షరతులు ఒడ్డునే కాగితం మీద రాసుకోండి. నావి ఇవి: ఒకరు చుక్క నీరు కూడా నిలుపుకోలేకపోతే తిరుగు. ఎవరైనా వెళ్దామంటే కారణం అడగకుండా తిరుగు. అక్కడక్కడా ఉన్న తెల్లని నురగ ఎటు చూసినా కనిపిస్తే తిరుగు, గాలి 17 నాట్లు దాటినట్టే. గాలివాటున పోతుంటే కెరటాల వీపులే కనిపించి సముద్రం శాంతంగా అనిపిస్తుంది, తల వెనక్కి తిప్పి చూడాలి.

ముందురోజు రాత్రి వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలు చూడండి. అల ఎత్తుతోపాటు వ్యవధి కూడా ముఖ్యం. మీటరున్నర అల 12 సెకన్లకొకటి వస్తే ఊయల, 5 సెకన్లకొకటి వస్తే గోడ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం కనుక, మామూలు రోజుల్లో కనుచూపు మేరలో ఉండే మత్స్యకారులు అప్పుడు ఉండరు. తీర రక్షక దళం నంబరు 1554, ఆపదలో పిలవడానికి వాడే వీహెచ్‌ఎఫ్ (ఓడల) రేడియో 16వ ఛానల్ పడవలో అందరికీ తెలియాలి.

తిరగడమంటే దగ్గర్లోని ఒడ్డుకు పరుగెత్తడం కాదు. గాలి ఒడ్డువైపు వీస్తుంటే ఏటి మొగలో కెరటాలు విరిగి పడవను బోర్లిస్తాయి. లోతులో చాప కుదించుకుని ఓపిక పట్టడమే మేలు. పడవను వదిలేయడం ఇంకా చివరి మాట. 1979లో బ్రిటన్, ఐర్లండ్ సముద్రాల్లో జరిగిన ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుపానుకు 15 మంది పోటీదారులు చనిపోయారు. నావికులు వదిలేసిన పడవలు 24, వాటిలో మునిగినవి 5 మాత్రమే.

రేవు చేరి మెట్టెక్కాక నేల ఇంకా ఊగుతూనే ఉంటుంది. మాత్ర మత్తు కూడా పోయి ఉండదు. మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో తాగి కాసేపు నీడన కూర్చోండి. స్కూటరు తాళం ఇంకొకరికి ఇవ్వండి.