రోడ్డు పనుల దగ్గర లైవ్ ట్రాఫిక్ సమాచారం – పాఠం 4: బారు తోక ఎక్కడుంది?

ముందు గత పాఠం చివర ఇచ్చిన లెక్క చూద్దాం. ఒక సెన్సర్ ముందు నుంచి మూడు బండ్లు గంటకు 20, 40, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లాయి. ఆ 2 కిలోమీటర్ల ముక్క దాటడానికి సగటున ఎంతసేపు పడుతుంది అని అడిగాను. మూడు వేగాలూ కూడి మూడుతో భాగిస్తే 40 వస్తుంది, దాని ప్రకారం 3 నిమిషాలు. కానీ ఒక్కో బండికి పట్టే సమయం విడిగా చూడండి. మొదటిదానికి 6 నిమిషాలు, రెండోదానికి 3, మూడోదానికి 2. సగటు 3 నిమిషాల 40 సెకన్లు. ఇదే సరైన జవాబు. రోడ్డు మీద ఎక్కువసేపు ఉండేవి నెమ్మదిగా వెళ్లే బండ్లే కాబట్టి, సగటు తీయాల్సింది వేగాలకు కాదు, సమయాలకు. మీకు సిస్టమ్ అమ్మినవాళ్ల సాఫ్ట్‌వేర్ ఏ సగటు తీస్తుందో ఒకసారి అడిగి తెలుసుకోండి. మామూలు సగటు తీస్తుంటే ట్రాఫిక్ పెరిగేకొద్దీ రోడ్డు పక్కన పెట్టిన మెసేజ్ బోర్డు అసలు కంటే తక్కువ సమయం చెబుతూ పోతుంది.

ఇక ఈ పాఠం. ప్రయాణ సమయం తప్పుగా చెబితే జనానికి విసుగు పుడుతుంది. బారు తోక, అంటే ఆగిన బండ్ల వరుస చివర, ఎక్కడుందో తప్పుగా చెబితే ప్రాణాలు పోతాయి. పనులు జరిగేచోట భయపడాల్సిన చోటు కోన్లు పెట్టిన దగ్గర ఒక్కటే కాదు. దానికి ఎంతో వెనక, ఆగిన చివరి లారీ వెనక భాగం ఇంకా ఘోరం. అక్కడ హెచ్చరిక బోర్డు ఉండదు, కోన్ ఉండదు, జెండా పట్టుకున్న మనిషి ఉండడు. పైగా ఆ చోటు కదులుతూ ఉంటుంది. ఎంత వేగంగా కదులుతుందో లెక్క కట్టడమే ఈ పాఠంలో నేర్చుకోబోయేది.

రెండు లేన్ల రోడ్డు తీసుకుందాం. గంటకు 2,400 వాహనాలు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయి. ఒక లేన్ మూసేశారు. మిగిలిన లేన్ గంటకు 1,500 వాహనాలనే వదలగలదు. వచ్చేవాటి సాంద్రత, అంటే కిలోమీటరుకు ఎన్ని బండ్లు ఉన్నాయన్నది, 2,400ను 90తో భాగిస్తే వస్తుంది. సుమారు 27. బారులో బండ్లు 15 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నాయనుకోండి. అక్కడి సాంద్రత 1,500ను 15తో భాగిస్తే 100. ప్రవాహాల తేడా 900, సాంద్రతల తేడా 73. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. గంటకు 12 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ వస్తుంది. తోక వెనక్కి పాకే వేగం అదే. ఈ సూత్రాన్ని లైట్‌హిల్, విథమ్ 1955లో, రిచర్డ్స్ 1956లో విడివిడిగా చెప్పారు. ఏ సైట్లోనైనా కాగితం, పెన్సిలు ఉంటే చాలు, చేసేయొచ్చు.

12 కిలోమీటర్లు అంటే చిన్నదిగా అనిపిస్తుంది. నిమిషాల్లోకి మార్చి చూడండి: నిమిషానికి సుమారు 205 మీటర్లు. పది నిమిషాల్లో 2 కిలోమీటర్లు. మీ మెసేజ్ బోర్డు కోన్లకు 3 కిలోమీటర్ల వెనక పెట్టారా? పదిహేను నిమిషాలు తిరక్కుండానే తోక దాన్ని దాటేస్తుంది. ఆ తర్వాత ఆ బోర్డు ఆగిపోయినవాళ్లకే ‘ముందు ట్రాఫిక్ ఆగి ఉంది’ అని చెబుతూ ఉంటుంది. చెప్పాల్సినవాళ్లు ఇంకా వెనక నుంచి పూర్తి వేగంతో వస్తున్నారు. నేను పనిచేసిన మొదటి సైట్లో సరిగ్గా ఇదే జరిగింది. బోర్డు బాగానే పనిచేస్తోంది, తెర మీద అక్షరాలు మెరుస్తున్నాయి, కానీ అది నిలబడ్డ చోటే తప్పు. వెనక బ్రేకులు కీచుమన్న శబ్దం విన్నాకే అర్థమైంది. అందుకే బోర్డు ఎక్కడ పెట్టాలన్నది రోజులో ఎక్కువ రద్దీ ఉండే గంట లెక్క వేసి నిర్ణయించండి, ఖాళీ స్థలం ఎక్కడ దొరికితే అక్కడ కాదు. ఒక్క బోర్డు సరిపోదని లెక్క చెబితే రెండోది ఇంకా వెనక పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు మాట. మనం ‘రియల్ టైమ్’ అంటున్న సమాచారం నిజానికి పాతది. ఎంత పాతదో తెలిస్తేనే దాన్ని వాడగలం. సెన్సర్ ఒక నిమిషం పాటు వేగాలు పోగుచేస్తుంది. మోడెమ్ నిమిషానికి ఒకసారి పంపుతుంది. సర్వర్ లెక్క చేసి బోర్డుకు చెప్పడానికి ఇంకాస్త, బోర్డు అందుకుని మెసేజ్ మార్చడానికి ఇంకాస్త పడుతుంది. అన్నీ కలిపి 3 నిమిషాలు అనుకుందాం. ఈలోగా తోక 615 మీటర్లు వెనక్కి జరిగిపోయింది. దీన్ని ఊహించి వదిలేయకండి, స్టాప్‌వాచ్‌తో కొలవండి. ఒకరు సెన్సర్ దగ్గర నిలబడి ట్రాఫిక్ నెమ్మదించిన క్షణాన ఫోన్ చేయాలి. ఇంకొకరు బోర్డు దగ్గర ఉండి మెసేజ్ మారేదాకా సమయం చూడాలి. వేర్వేరు వేళల్లో ఐదారుసార్లు చేసి, వచ్చినవాటిలో అన్నిటికంటే పెద్ద సంఖ్యను లెక్కలో వాడండి. సగటును కాదు.

సెన్సర్ల మధ్య దూరం కూడా ఒక ఆలస్యమే. చాలామంది దీన్ని పట్టించుకోరు. 800 మీటర్లకు ఒక సెన్సర్ ఉందనుకోండి. ఒక సెన్సర్ ‘నెమ్మది’ అంటోంది, దాని వెనకది ‘మామూలు’ అంటోంది. తోక ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒకదాన్నుంచి ఇంకోదాని దగ్గరికి చేరడానికి దానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది. అంతసేపూ మనకు కనిపించదు. ఆ 800కు ఇందాకటి 615 కలపండి. 1,415 మీటర్లు. అంటే ‘నెమ్మది’ అన్న సెన్సర్ నుంచి వెనక్కి 1.4 కిలోమీటర్ల దాకా తోక ఉండొచ్చని అనుకునే మీరు హెచ్చరించాలి. డబ్బు మిగుల్చుకోవడానికి సెన్సర్లు తగ్గిద్దాం అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

దీనికి డ్రైవర్ ఆగే దూరం కూడా చేర్చాలి. 90 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 25 మీటర్లు. రోడ్ల డిజైన్‌లో వాడే లెక్క ప్రకారం చూసి స్పందించడానికి రెండున్నర సెకన్లు, అంటే 62 మీటర్లు. ఆ తర్వాత బ్రేకు మీద మరో 92. మొత్తం 155 దాకా అవుతుంది. లోడుతో ఉన్న లారీకి ఇంకా ఎక్కువ వదలండి.

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. సెన్సర్లలో వాడే డాప్లర్ రాడార్ కదిలే వస్తువుల వేగాన్నే కొలుస్తుంది. ట్రాఫిక్ పూర్తిగా ఆగిపోతే దాని ముందు ఏదీ కదలదు, కాబట్టి అది ఏమీ పంపదు. కొన్ని సిస్టమ్‌లు ‘ఏమీ రాలేదు’ అన్నదాన్ని ‘రోడ్డు ఖాళీగా ఉంది’ అని తీసుకుని బోర్డు మీది హెచ్చరిక తీసేస్తాయి. పరిస్థితి అన్నిటికంటే ప్రమాదంగా ఉన్న నిమిషంలోనే! అర్ధరాత్రి రెండింటికి నిజంగానే బండి ఉండకపోవచ్చు, అప్పుడూ సెన్సర్ మౌనంగానే ఉంటుంది. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మౌనానికి ముందు ఏం వచ్చిందో చూడాలి. 88, 91, 87 వచ్చి ఆగిపోతే రోడ్డు ఖాళీ అయి ఉంటుంది. 60, 35, 12 వచ్చి ఆగిపోతే అది బారే అనుకోవాలి. ముందున్న సెన్సర్ కూడా నెమ్మది చూపిస్తుంటే అనుమానమే అక్కర్లేదు. కొత్త సిస్టమ్ తీసుకున్న రోజున ఒక సెన్సర్ కేబుల్ పీకి చూడండి. బోర్డు ఏం చూపిస్తుంది? సమాచారం రాకపోతే ‘పనులు జరుగుతున్నాయి, నెమ్మదిగా వెళ్లండి’ లాంటి ఎప్పుడూ నిజమయ్యే మెసేజ్‌కు మారాలి. ఖాళీ తెర గానీ పాత నిమిషాలు గానీ కనిపించకూడదు.

హెచ్చరిక ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నదానికి ఒకే సంఖ్య పెట్టొద్దు. వేగం 50 దగ్గర అటూ ఇటూ ఊగుతుంటే బోర్డు నిమిషానికోసారి మనసు మార్చుకుంటుంది. 40 కంటే తగ్గితే పెట్టండి, 60 దాటాకే తీయండి. పెట్టడానికి ఒక్క రీడింగ్ చాలు, తీయడానికి వరుసగా మూడైనా ఉండాలి. దీనికి కారణం కూడా లెక్కలోనే ఉంది. రద్దీ తగ్గి గంటకు 1,200 వాహనాలే వస్తున్నాయనుకోండి. ఇదే సూత్రం వేస్తే తోక ముందుకు జరిగే వేగం గంటకు మూడున్నర కిలోమీటర్లు మాత్రమే. వచ్చినంత త్వరగా బారు పోదు. ఒకే జాగ్రత్త: పనుల్లోకి మలుపు తిరిగే మీ సొంత టిప్పర్ ఒక్కటే నెమ్మదించినా సెన్సర్ హెచ్చరిక పెట్టేస్తుంది. నిమిషంలో కనీసం ఇన్ని బండ్లు ఉంటేనే లెక్కలోకి తీసుకో అని ఒక షరతు పెట్టండి. కానీ ఆ షరతు వల్ల ఇందాక చెప్పిన మౌనం సమస్య మళ్లీ రాకుండా చూసుకోవాలి.

బండిలోని బ్లూటూత్ సంకేతాన్ని రెండు చివర్లా పట్టుకుని కొలిచే ప్రయాణ సమయాన్ని తోక హెచ్చరికకు అస్సలు వాడొద్దు. బండి అవతలి చివర బయటపడ్డాకే ఆ సంఖ్య పుడుతుంది. దాటడానికి 25 నిమిషాలు పడితే, అది 25 నిమిషాల కింద లోపలికి వచ్చినవాడి కథ. ఈలోగా తోక 5 కిలోమీటర్లు పోయి ఉంటుంది. ఫోన్ల నుంచి వచ్చే సమాచారం దూరాన ఏం జరుగుతోందో చూడటానికి బాగుంటుంది. బండ్లు తక్కువగా ఉండే రాత్రి వేళ మాత్రం దాన్ని నమ్ముకోలేం.

బోర్డు మీద ఏం రాయాలో కొద్దిగా. అమెరికాలో రోడ్డు గుర్తులకు, బోర్డులకు వాడే ఎంయూటీసీడీ అనే ప్రమాణ గ్రంథం 2009 కూర్పు ప్రకారం తరలించగల బోర్డు మీద మెసేజ్ రెండు తెరలకు మించకూడదు, ఒక్కో తెర మూడు వరుసలకు మించకూడదు. ఒక్కో తెర కనీసం 2 సెకన్లు ఉండాలి, రెండూ కలిపి 8 సెకన్లు దాటకూడదు. అక్షరాలు పగలు సుమారు 240 మీటర్ల నుంచి, రాత్రి 180 మీటర్ల నుంచి చదవగలిగేలా ఉండాలంటుంది. 90 వేగంతో వచ్చేవాడికి రాత్రి దొరికేది 7 సెకన్లే. కాబట్టి రెండు తెరలూ కలిపి 6 సెకన్లలో ముగిసేలా పెట్టండి, లేదా మాటలు తగ్గించి ఒక్క తెరతో సరిపెట్టండి. నా ఓటు ఒక్క తెరకే.

దూరం రాయాలనుకుంటే ఎప్పుడూ తక్కువగా రాయండి. 2 కిలోమీటర్లని రాస్తే 1 కిలోమీటరుకే బారు ఎదురైనవాడు బ్రేకు మీద కాలు పెట్టకుండానే వచ్చేస్తాడు. 1 అని రాస్తే 2 దగ్గర ఎదురైనవాడు ఈసరికే నెమ్మదించి ఉంటాడు. రెండు తప్పులూ ఒకటి కావు.

వచ్చే పాఠానికి ఈ లెక్క చేసి పెట్టుకోండి. గంటకు 2,000 వాహనాలు 80 వేగంతో వస్తున్నాయి. పనుల దగ్గర 1,400 మాత్రమే దాటుతున్నాయి, బారులో వేగం 14. సెన్సర్లు 500 మీటర్లకొకటి, మొత్తం ఆలస్యం 2 నిమిషాలు, బోర్డు కోన్లకు 2 కిలోమీటర్ల వెనక ఉంది. తోక నిమిషానికి ఎన్ని మీటర్లు జరుగుతుంది? ఎన్ని నిమిషాల్లో బోర్డును దాటుతుంది? బోర్డును తీసుకెళ్లి ఇంకో 2 కిలోమీటర్లు వెనక పెడదాం అని మీ పైవాళ్లు అంటే, బారు ఇంకా చిన్నగా ఉన్న మొదటి పది నిమిషాల్లో దాని మీద ఏ మెసేజ్ పెడతారు?