మాంచెస్టర్ ఇంగ్లిష్‌కి చేతిలో ఫోనే బడి

మాంచెస్టర్ వచ్చిన కొత్తలో పక్కింటావిడ కనబడ్డప్పుడల్లా "యు ఆల్‌రైట్?" అనేది. నా మొహం అంత నీరసంగా ఉందా అని అద్దం చూసుకునేదాన్ని. అది ఇక్కడి పలకరింపని, మనమూ "ఆల్‌రైట్" అనేస్తే చాలని తెలియడానికి నెల పట్టింది. ఇంగ్లిష్ మీడియం చదువులైనా సరే, ఈ యాస ముందు చెవులు పనిచేయవు.

అందుకే ముందు వినడం. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో '6 మినిట్ ఇంగ్లిష్' ఉచితం, స్క్రిప్టు కూడా ఇస్తారు. ఒకసారి స్క్రిప్టు చూడకుండా, ఒకసారి చూస్తూ, మళ్లీ చూడకుండా వినండి. అయితే అది స్టూడియో ఇంగ్లిష్. బస్‌స్టాప్ ఇంగ్లిష్ కావాలంటే బీబీసీ సౌండ్స్ అనే రేడియో యాప్‌లో రేడియో మాంచెస్టర్ పెట్టుకుని వంట చేసుకోండి. ఇక్కడ చాలామంది రాత్రి భోజనాన్ని "టీ" అంటారని నాకు అలాగే తెలిసింది. బీబీసీ టీవీ యాప్ ఐప్లేయర్‌కి టీవీ లైసెన్స్ కావాలి, సౌండ్స్‌కి అక్కర్లేదు.

ఇక మాట్లాడటం. ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి, భాష యూకే ఇంగ్లిష్ పెట్టి మాటలు పలకండి. నేను పడమర అనుకుని "వెస్ట్" అంటే స్క్రీన్ మీద vest, అంటే బనియన్, పడేది! మనకున్నది ఒక్క 'వ', వీళ్లకి రెండు. బనియన్‌కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. పడమరకి పళ్లు తగలకుండా పెదాలు గుండ్రంగా చుట్టాలి. విడి మాటలుగానే పలకండి. వాక్యంలో పెడితే ఫోనే మన తప్పు సర్దేసి రాస్తుంది.

ఆటల్లా ఉండే యాప్‌లంటే నాకు పెద్ద నమ్మకం లేదు. స్ట్రీక్ (రోజూ తప్పకుండా ఆడిన లెక్క) తెగుతుందన్న టెన్షన్‌తో 90 రోజులు ఆడాను. ఏనుగు ఆపిల్ తిందని చెప్పగలిగాను గానీ, బాయిలర్ పాడైందని ఇంటి ఓనరుకి చెప్పలేకపోయాను. రేపు నిజంగా ఏం మాట్లాడాలో అదే ఈ రాత్రి సాధన చేయండి. పొద్దున 8కి జీపీకి, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుకి, ఫోన్ చేయాలా? ఏఐ చాట్‌లో వాయిస్ పెట్టి, "నువ్వు రిసెప్షనిస్టువి, గబగబా మాట్లాడు, పుట్టిన తేదీ, పోస్ట్‌కోడ్ అడుగు" అనండి. మీ అసలు వివరాలు మాత్రం ఇవ్వకండి, ఉత్తుత్తివి చాలు. నాలుగైదుసార్లు చేస్తే తడబాటు తగ్గుతుంది.

డాక్టర్ దగ్గర మాత్రం ట్రాన్స్‌లేట్ యాప్‌ని నమ్ముకోకండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోరు.