క్లాసులో చేపగుడ్లు పొదిగించే ముందు

ట్రౌట్ అనే చలి ప్రాంతపు చేప గుడ్లు పొదిగించాలనుకుంటే వాటికి 10 డిగ్రీల చుట్టుపక్కల చల్లటి నీళ్లు కావాలి. తిరుపతిలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా అది కుదరదు, బంగారుతీగ చేప (కామన్ కార్ప్) గుడ్లు తెచ్చుకోండి. రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి, సోమవారమే మొదలుపెట్టండి, లేదంటే ఆదివారం తాళం వేసిన గదిలో పిల్లలైపోతాయి.

- మే ఎండల్లో వద్దే వద్దు. జులై, ఆగస్టు మేలు.
- కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయేలా ఒకరోజు మూత లేకుండా బకెట్లో ఉంచాకే తొట్టిలో పోయండి.
- గుడ్లు నాచుకు అతుక్కునే ఉంటాయి, పీకొద్దు. బతికున్నవాటిలో రెండు నల్లటి కళ్లు కనిపిస్తాయి. తెల్లబడి దూదిలా బూజు పట్టినవాటిని డ్రాపర్‌తో వెంటనే తీసేయాలి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది, ఈ పని మీరే చేయండి, పిల్లలకు భూతద్దం ఇస్తే చాలు.
- కరెంటు పోతే? తొట్టి నీళ్లలోకి గాలి పంపడానికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గరుండాలి.
- పొదిగాక రెండు మూడు రోజులు పొట్ట కింద సంచిలోని సొనే వాటి ఆహారం. తర్వాత ఉడికిన గుడ్డు పచ్చసొన పల్చటి గుడ్డలోంచి పిండి వేయండి, చిటికెడంటే చిటికెడే. "నేనేస్తా సార్" అని అందరూ ఎగబడితే తెల్లారేసరికి నీళ్లు కంపే.
- చేపపిల్లల్ని ఎవరికిస్తారో ముందే మాట్లాడుకోండి. ఇది మన దేశపు చేప కాదు, స్వర్ణముఖి నదిలో వదలొద్దు, గుడ్లిచ్చిన చేపల రైతునే అడగండి.