దసరా సెలవుల్లో పెంపుడు జంతువుల బాధ్యత తీసుకునే ముందు

బతుకమ్మకూ దసరాకూ ఊళ్లకు వెళ్లే నల్లగొండ, మహబూబ్‌నగర్ కుటుంబాలు కుక్కనో పిల్లినో ఎవరికైనా అప్పగించాలని చూస్తాయి కనుక, ఈ పనిని వృత్తిగా మొదలుపెట్టేవారికి ఇదే అనువైన కాలం.

• రేబిస్ టీకా కార్డు చూడనిదే ఏ జంతువునూ తీసుకోకూడదు. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధి నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. మీరూ ముందస్తు టీకా వేయించుకోవాలి. పన్ను గాటు పడినా, గోరు గీరుకున్నా ఆ చోటును పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పసుపు, సున్నం వంటివేవీ పూయకుండా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

• ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ఇవ్వకూడదు. పిల్లికి ఒక్క మాత్రే ప్రాణాంతకం కావచ్చు.

• పండుగనాటి మటన్ కూర కలిపిన అన్నం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది.

• మెడపట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. అంతకన్నా వదులుగా ఉంటే, టపాసు చప్పుడుకు బెదిరిన కుక్క తలను వెనక్కి లాగి, ఖాళీ పట్టీని మీ చేతిలో వదిలి పారిపోతుంది.

• యజమాని ఫోన్ ఎత్తని వేళ వైద్యానికి ఎంతవరకు ఖర్చు చేయవచ్చో ముందే రాయించుకోవాలి, బంధువుల కుక్కయినా సరే.