కుక్కపిల్ల కక్కుతూ తిండి మానేస్తే

ముందు పిల్ల హుషారు చూడండి. ఒక్కసారి కక్కి మళ్ళీ తోక ఊపుతూ తిరుగుతుంటే రెండు మూడు గంటలు తిండి ఆపండి, నీళ్లు మాత్రం చెంచాడు చొప్పున పట్టండి. గిన్నె నిండా పెడితే గటగటా తాగి మళ్ళీ కక్కేస్తుంది. తర్వాత మెత్తటి అన్నంలో ఎముకల్లేని ఉడికిన చికెన్ చిదిమి, ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి లేకుండా రెండు ముద్దలు. పాలు వద్దు. మా వీధిలో అందరూ ప్రేమగా పోసేది పాలే, దాంతో చాలా పిల్లలకు విరేచనాలూ మొదలవుతాయి.

పెద్ద కుక్కల్లా చిన్నవాటిని పూటలకు పూటలు పస్తుంచకూడదు. ఒంట్లో చక్కెర పడిపోయి వణుకుతాయి, సోలిపోతాయి. అప్పుడు చిగుళ్లకు కొంచెం తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పెదవి ఎత్తి చూసినప్పుడు చిగుళ్లు జిగటగానో పాలిపోయో ఉన్నా అంతే, ఆగకండి.

నాకు అన్నిటికంటే భయం పార్వో అనే వైరస్ అంటువ్యాధి. టీకాలు పూర్తికాని పిల్ల, ఆగని వాంతులు, నెత్తురుతో కంపు కొట్టే విరేచనాలు. ఇంక తెల్లారేదాకా చూద్దాం అనకండి, దయచేసి. సెలైన్ ఎంత త్వరగా ఎక్కితే బతికే అవకాశం అంత ఎక్కువ. మిగతా కుక్కల్ని దూరం పెట్టి, నేలను 1 వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి కడగండి.

మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ అస్సలు వేయొద్దు. వాంతిని ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి. అందులో సేమ్యాలాంటి తెల్లటి పురుగులుంటే అదీ చెప్పండి, నట్టల మందు మోతాదు బరువు చూసి ఆయనే ఇస్తారు. కోలుకున్నాక టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలదాకా వేయించాలి, మధ్యలో ఆపొద్దు.